నాది కాని నవ్వు

జులై 9, బుధవారం

అత్తగారు పోయి మూడు రోజులు. నేను నవ్వి కూడా మూడు రోజులే.

రెండూ ఒకే రోజు జరిగాయి. ఆదివారం మెట్టకూరులో మా బావగారి ఇంటి ముందు ఆవిణ్ణి పడుకోబెట్టారు. షామియానా నాదే, కుర్చీలూ నావే. కర్ర పోటేసుకుంటూ వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది. ఏడుపనుకున్నాను. నోరు తెరిస్తే నవ్వు. చిన్న నవ్వు కాదు, సినిమా హాల్లో నేలక్లాసువాళ్ళు నవ్వే నవ్వు. పెదవి కొరుక్కున్నాను, ఇంకా పెరిగింది. డప్పులవాళ్ళు వాయించడం ఆపేశారు.

బావగారంటే మా ఆవిడ మంగతాయారు అన్న, గోపాలకృష్ణ. రొయ్యల చెరువుల ఆసామి. గట్టిగా మాట్లాడే అలవాటున్న మనిషి నా దగ్గరికొచ్చి ఎంతో మెల్లిగా, "మా అమ్మ మీద కూడానా బావా?" అన్నాడు. కొట్టినా బాగుండేది.

మంగ నా వైపు చూడలేదు. అప్పటినుంచీ అక్కడే ఉంది.

నా మాట ఎవరూ వినరని తెలుసు. షామియానాలూ మైకులూ అద్దెకిస్తాను కాబట్టి యానాంలో నన్ను మైకుసెట్టు మహేశ్వరం అంటారు. గోదావరి మీద బ్రిడ్జి కట్టిన కొత్తలో, రేపటినుంచి అవతలొడ్డున ఎదుర్లంక వెళ్ళేవాళ్ళు రేషను కార్డు చూపించాలని రిక్షాలో తిరుగుతూ మైకులో చెప్పాను. మర్నాడు పొద్దున్నే వంతెన మొదట్లో కార్డులు పట్టుకుని నిలబడ్డ జనాన్ని చూడడానికి ఫ్లాస్కులో టీ పోయించుకుని మరీ వెళ్ళాను. అలాంటివాడు శవం ముందు నవ్వితే జబ్బని ఎవడనుకుంటాడు?

అసలు జబ్బేనా? అదీ తెలీదు. ఫిబ్రవరిలో నాకు పక్షవాతం వచ్చింది. ఎడం చెయ్యి, ఎడం కాలు, మూతి. కాలు చాలావరకు వచ్చింది, చెయ్యి సగం వచ్చింది. నవ్వుకీ దానికీ ఏం సంబంధం?

ఆ నవ్వు మాత్రం నాది కాదు. ఎవరిదో కనుక్కోవాలి. అందుకే ఈ డైరీ తీశాను. మందుల కొట్టువాడిచ్చిన 2006 డైరీ ఇది, వారాలు కలవవు. తొమ్మిదో తరగతి తప్పినవాడి రాతకి ఇది చాలు.

జులై 12, శనివారం

ఫరంపేటలో ఒక ట్రస్టువాళ్ళ హాలుంది. శనివారం మూడింటికి పక్షవాతం వచ్చి బయటపడ్డవాళ్ళకి అక్కడ క్లాసు పెడతారు. ఇంట్లోవాళ్ళని కూడా రమ్మంటారు. ప్రసన్న అని కాకినాడ నుంచి ఒకమ్మాయి వస్తుంది. సైకాలజీ చదివిందట. జబ్బంటే ఏమిటి, కోపం ఎందుకొస్తుంది, నిద్ర ఎందుకు పట్టదు, ఇవన్నీ చెబుతుంది. ఏప్రిల్ నుంచి వెళుతున్నాను. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయిని ఏడిపించడానికి వెళుతున్నాను. మంగ మొదటి క్లాసుకి నాతో వచ్చింది. ఆ తరవాత ప్రతి శనివారం ఏదో ఒక పని చెప్పింది. బోరు కొట్టి ఉంటుంది.

ఇవాళ ఏడిపించలేదు. జరిగింది చెప్పాను. మహేశ్వరం మళ్ళీ ఏదో కథ అల్లుతున్నాడని అందరి మొహాల్లోనూ ఉంది. ఆ అమ్మాయి ఒక్కతే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నవ్వుతున్నప్పుడు లోపల ఏముంది అని అడిగింది. ఇన్ని రోజుల్లో ఎవరూ అడగని మాట.

"ఏముంటుందమ్మా, ఆవిడ నాకు ఇరవై ఏళ్ళు అన్నం పెట్టింది," అన్నాను.

అప్పుడు చెప్పింది. నవ్వూ ఏడుపూ పుట్టే చోటు ఒకటి, వాటిని పట్టుకుని ఆపే చోటు ఇంకొకటిట మెదడులో. రెండింటికీ మధ్య దారి దెబ్బతింటే, మనిషి ప్రమేయం లేకుండా నవ్వు వచ్చేస్తుందిట, ఏడుపు వచ్చేస్తుందిట. బాధకి నవ్వూ రావచ్చు, నవ్వాల్సిన చోట ఏడుపూ రావచ్చు. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి ఉంటుందట. సిగ్గుపడి చెప్పుకోరట.

నాకు వెంటనే అర్థమైంది. మైకు కూత పెడుతుంది చూడండి, అదీ. ఎవరూ పాడరు, ఎవరూ మాట్లాడరు, స్పీకరు గొంతు మైకులోకి దూరి కుయ్యిమంటుంది. పెళ్ళివాళ్ళు నన్ను తిడతారు. నా గొంతు కాదు మొర్రో అంటే వింటారా? ఈ మాట చెబితే ప్రసన్న దాన్ని తన పుస్తకంలో రాసుకుంది. నా మాట ఒకరు రాసుకోవడం ఇదే మొదలు.

ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా అని అడిగింది. లేదన్నాను.

ఒక గళ్ళ కాగితం ఇచ్చింది. ఎప్పుడు వచ్చింది, ముందు ఏం జరిగింది, ఎంతసేపు, నిజంగా మనసులో ఏముంది. రోజూ నింపాలి. అలా వచ్చినప్పుడు ఊపిరి నెమ్మదిగా బయటికి వదలమంది, కూర్చునుంటే లేవమంది, దేన్నైనా లెక్కపెట్టమంది. పక్కవాళ్ళకి ముందే చెప్పుకోవడం అన్నిటికన్నా మంచిదట.

ముందే చెప్పుకోవాలట. నేను. ఈ ఊళ్ళో.

జులై 13

ఇవాళ రాలేదు. నవ్వు సంగతి అంటున్నాను. మంగ పెద్దకార్యం అయ్యాక వస్తుంది.

జులై 14, సోమవారం

మరియదాసు గారు మెడల్సు పెట్టుకుని బజార్లో కనబడ్డారు. ఆయన ఒకప్పుడు ఫ్రెంచి సైన్యంలో చేసినాయన, ఇప్పటికీ అక్కణ్ణుంచి పింఛను వస్తుంది. ఈ రోజు ఫ్రెంచివాళ్ళకి పండగ. మా క్లాసులో ఆయన వింత వేరు. పక్షవాతం మాట తీసుకుపోయింది. పెళ్ళాం పేరు రాదు, మంచినీళ్ళు అనడం రాదు. కానీ ఫ్రెంచిలో అంకెలు మాత్రం కవాతు చేయిస్తున్నట్టు ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేస్తారు. అలవాటుగా నోటికొచ్చేసిన మాటలు వేరేచోట దాక్కుంటాయని ప్రసన్న చెప్పింది.

టీ దుకాణం ముందు నాకు నవ్వు మొదలైంది. ఆయన చూశారు. కర్ర నేలకేసి కొడుతూ అంకెలు అందుకున్నారు. నేనూ వెనకాలే అన్నాను, ఆ ముక్కలు నాకేం తెలుసు, శబ్దం అనడమే. పదకొండు దగ్గర ఆగిపోయింది.

కాగితంలో రాశాను: ముందు ఏం జరిగింది, ఏమీ లేదు. ఎంతసేపు, ఫ్రెంచిలో పదకొండు.

జులై 17, గురువారం

నిన్న పెద్దకార్యం. నన్ను పిలవలేదు. కుర్చీలు కూడా వేరేచోట నుంచి తెప్పించుకున్నారట. ఆ ప్లాస్టిక్ కుర్చీల కాళ్ళు చీలిపోతాయి, వాళ్ళ కర్మ.

ఇవాళ మెట్టకూరు ఆటోవాడు వచ్చి మంగతాయారమ్మగారు నాలుగు చీరలు ఇమ్మన్నారన్నాడు. నాలుగంటే ఎన్ని రోజులు? రోజుకొకటైతే నాలుగు. ఉతుక్కుంటే ఎన్నాళ్ళైనా.

చీరల మధ్య నా గళ్ళ లుంగీ ఒకటి మడతపెట్టి పంపాను. విప్పినప్పుడు తిట్టుకుంటూనైనా నవ్వుతుందని.

జులై 18

లుంగీ ఉతికి, ఇస్త్రీ చేసి తిప్పి పంపింది. ఒక్క మాట లేదు.

జులై 19, శనివారం

కాగితం ప్రసన్నకి చూపించాను. నా ప్రయోగాలు చూసి ఆశ్చర్యపోయింది. ఆ అమ్మాయి రాయమన్నది వచ్చినప్పుడు. నేను రప్పించడానికి కూడా చూశాను.

అత్తగారి ఫొటో పదిసార్లు చూశాను. రాలేదు. అద్దం ముందు మూతి వంకర చూసుకున్నాను. రాలేదు. పిలిస్తే రాదు. అన్నం వండుకుంటుంటే గంజి చేతి మీద పడింది, నవ్వొచ్చింది. తీగ మీద మంగ జాకెట్టు ఎండుతూ ఉండిపోయింది, అది చూస్తే ఏడుపు, రెండు నిమిషాలు. టీ దుకాణంలో ఎవడో ఓటర్ల లిస్టు గురించి మంచి జోకు వేశాడు, అందరూ నవ్వారు, నేను భోరుమన్నాను. పాపం అత్తగారి మీద బెంగ పెట్టుకున్నాడని నాకు ఉచితంగా టీ ఇచ్చారు. అత్తగారి ముందు నవ్వితే వెలి, జోకుకి ఏడిస్తే టీ. జబ్బు ఒక్కటే.

నన్ను బాగా తికమకపెట్టేదొకటుంది. యాభై ఏళ్ళు నేను నవ్వు మొహం దాచుకుని జనాన్ని బుట్టలో వేశాను. నా మొహం మీద నాకున్నంత అదుపు నాటకాలవాళ్ళకి కూడా ఉండదు. ఇప్పుడు ఆ మొహమే నన్ను ఆడిస్తోంది. నాకు కోపం రావాలి. రావడం లేదు. ఎలా పనిచేస్తుందో చూడాలని ఉంది, కొత్త యాంప్లిఫయరు మూత విప్పినట్టు.

ప్రసన్న మంగని తీసుకురమ్మంది. ఇంట్లోవాళ్ళు కూడా దెబ్బ తింటారండీ, వాళ్ళకీ చెప్పుకునే చోటు కావాలి, అంది. మా ఆవిడకి ఏ దెబ్బా తగల్లేదమ్మా, తగిలింది నాకు అన్నాను. అందరూ నవ్వారు.

జులై 23

ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా అంటే లేదన్నాను కదా. వచ్చింది. మార్చిలో పాలగ్లాసు చేతిలోంచి జారి పగిలింది. అప్పుడు నవ్వాను. అది మామూలు నవ్వే అయుంటుంది.

జులై 26, శనివారం

క్లాసయ్యాక వాన పట్టుకుంది. మరియదాసు గారి భార్య ఫిలోమినా గారు, నేను, ఆయన వరండాలో ఆగిపోయాం. మాటల్లో పెట్టడానికి, మా ఆవిడకి ఈ క్లాసంటే బోరండి, ఒక్కసారికే పారిపోయింది అన్నాను.

ఆవిడ హాలు గోడకేసి చూసింది. మొదటి క్లాసులో ప్రసన్న ఆ గోడకి ఒక బొమ్మల కాగితం అంటించింది. ఇప్పటికీ ఉంది. మూతి వంకరపోయిన మొహం, పైకి లేవని చెయ్యి, తడబడే నోరు, చివర ఒక గడియారం. ఈ మూడింట్లో ఏది కనబడినా వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి, మొదటి మూడు గంటలూ ప్రాణం అని ఆ రోజు పాఠం. నేను ఆ మూతిని మా ఊరి ఒకాయనతో పోల్చి నవ్వించిన గుర్తు.

"బోరు కాదండి," అంది ఫిలోమినా గారు. "ఆ గడియారం బొమ్మ చూసేక నేనూ నెల్లాళ్ళు రాలేదు. ఆ రోజు పొద్దున్న ఈయన మాట ముద్దముద్దగా వస్తుంటే, రాత్రి తాగింది దిగలేదనుకున్నానండి. యానాం కదండి, మందు చవక, ఇంకేం అనుకుంటాం? సోడా కలిపిచ్చి పడుకోబెట్టేను. మధ్యాహ్నం దాకా. లేపితే లేవలేదు."

మరియదాసు గారు ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు. ఏదో అనబోయారు. అంకెలు వచ్చాయి. ఆవిడ తల ఊపింది, అర్థమైనట్టే.

వాన తగ్గాక ఇంటికొచ్చాను. తడిసినా తుడుచుకోలేదు.

జులై 27, ఆదివారం

రాయకపోతే తెగదు.

ఫిబ్రవరి పదకొండు, సోమవారం. ఏడున్నర. నేను వరండాలో కుర్చీలో ఉన్నాను. మంగ నూతి దగ్గర పీతలు కడుగుతోంది. కాఫీ గుటకేస్తే లోపలికి పోలేదు, ఎడంపక్క నుంచి చొక్కా మీదకి కారింది. మంగా అని పిలిచాను. బంగా అని వచ్చింది. తను తలెత్తి చూసింది. నా మూతి వంకరగా ఉండుంటుంది.

"చాల్లెండి వేషాలు. చొక్కా మీరే ఉతుక్కోండి," అని మళ్ళీ పీతల మీదకి వంగింది.

తను ఎందుకలా అందో నాకు తెలుసు. అంతకు ఆరేళ్ళ క్రితం పాము కరిచిందని చెప్పి, నోటి నిండా సబ్బు నురగ పెట్టుకుని పెరట్లో పడుకున్నాను. మంగ చెప్పులు లేకుండా ఆసుపత్రి దాకా పరిగెత్తింది. డాక్టరుని తీసుకొచ్చేసరికి నేను వీధిలో ముంతకింద పప్పు తింటున్నాను. ఆ రోజు తన కాలికి సీసా పెంకు దిగి కుట్లు పడ్డాయి. ఇంకెప్పుడూ మీ మాట నమ్మను అంది. నేను దాన్ని పది మందికి చెప్పి నవ్వించాను.

అందుకని ఫిబ్రవరిలో నమ్మలేదు. పీతలు కడిగింది, పులుసు పెట్టింది. మధ్యలో రెండుసార్లు నా ముందు నుంచి వెళ్ళింది, నేను చెయ్యి ఎత్తుదామంటే లేవలేదు, అది కూడా వేషమే అనుకుంది. పదకొండింటికి కుర్చీలోంచి జారి పడ్డాను. అప్పుడు నమ్మింది.

మూడున్నర గంటలు.

తరవాత రెండు నెలలకి నా పక్కనే కూర్చుని ఆ గడియారం పాఠం విన్నది. నేను ఆ మూతి బొమ్మ మీద జోకులేస్తున్నాను.

నేను ఒక్కసారి కూడా తనని ఏమీ అనలేదు. అది నిజం. ఒక్క మాట అనలేదు.

జులై 28

ఒక్క మాట అనలేదు.

ఆగస్టు 2, శనివారం

క్లాసుకి ముందే వెళ్ళి ప్రసన్నని పక్కకి పిలిచాను. ఎనిమిదింటికే ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే నా చెయ్యి పూర్తిగా వచ్చేదా అని అడిగాను.

ఆ అమ్మాయి గబుక్కున జవాబు చెప్పే రకం కాదు. ముందు స్కానింగు తియ్యాలండి, అంది. రక్తం గడ్డకట్టిన రకమే అయుండాలి, ఆ ఇంజక్షను ఉన్న ఆసుపత్రి అయుండాలి, అవి చాలా పెద్ద ఊళ్ళలోనే ఉన్నాయి, ఇక్కణ్ణుంచి మూడు గంటల్లోపల అదంతా జరగడం కష్టమే, అయినా బాగుపడేదో లేదో ఎవరూ చెప్పలేరు. డాక్టరుగారు కూడా చెప్పలేరు.

నాకు కావలసిన జవాబు అది కాదు. ఏ తేడా ఉండేది కాదు అనమన్నాను. మా ఆవిడకి చూపించడానికి ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయలేనండీ అంది. అబద్ధమే అనుకోమ్మా, మంచికే కదా అన్నాను.

"మీ ఆవిడకి కావలసింది కాగితమేనంటారా?" అంది.

ఇరవయ్యారేళ్ళ పిల్ల. తిక్కరేగింది. ఆ తిక్కకి నవ్వొచ్చింది, కాగితంలో రాసుకున్నాను.

ఆగస్టు 4

ప్రసన్న రాయకపోతే పోయింది. ఈ ఊళ్ళో అబద్ధానికి నన్ను మించినవాడెవడు?

ఆలోచించి పెట్టుకున్నాను. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికే నాకు చెయ్యి తిమ్మిరెక్కింది. ఒరిగి పడుకున్నందువల్ల అనుకుని మంగని లేపలేదు. కాబట్టి తను నన్ను ఏడున్నరకి చూసేటప్పటికే గడియారం బొమ్మలో టైము అయిపోయింది. తను అప్పుడే పరిగెత్తినా అంతే, పీతలు కడుక్కున్నా అంతే. తప్పు నాది.

చక్కగా అతుకుతుంది. ఎక్కడా పగులు లేదు.

ఇబ్బంది ఒక్కటే. చెప్పేటప్పుడు నవ్వు రాకూడదు.

ఆగస్టు 6

అద్దం ముందు పద్నాలుగు సార్లు చెప్పాను. తొమ్మిదిసార్లు నవ్వొచ్చింది, ఒకసారి ఏడుపు. నాలుగు బాగా వచ్చాయి. నాలుగింటికే తిమ్మిరెక్కింది అన్నచోట ఆగకుండా దాటిపోతే గండం గడుస్తుంది.

ఎన్ని అబద్ధాలు ఆడాను, ఒక్కదానికీ ఇంత సాధన చెయ్యలేదు.

ఆగస్టు 8

రేపు వెళదామనుకున్నాను. రేపు శనివారం, క్లాసుంది. ఎల్లుండి.

(క్లాసు మూడింటికి. మెట్టకూరు పొద్దున్నే వెళ్ళి రావచ్చు. ఎల్లుండే.)

ఆగస్టు 10, ఆదివారం

వెళ్ళాను. వరసగా రాస్తాను, మర్చిపోకముందే.

బావగారి వరండాలో మంగ మినప్పప్పు చేటలో పోసి రాళ్ళు ఏరుతోంది. బావగారు పేపరు చదువుతున్నారు. నన్ను చూసి పేపరు మడిచారు కానీ పొమ్మనలేదు. కర్ర పట్టుకున్నవాణ్ణి పొమ్మనడానికి మనిషికి ఇబ్బందే. మంగ లేచి మంచినీళ్ళు తెచ్చిపెట్టి మళ్ళీ చేట ముందు కూర్చుంది. చిక్కింది.

ఊపిరి నెమ్మదిగా వదిలాను. మొదలుపెట్టాను. ఆ రోజు పొద్దున్న సంగతి మంగా, నీకొకటి చెప్పలేదు. చెయ్యి నాలుగింటికే...

అక్కడే పట్టుకుంది. అద్దం ముందు తొమ్మిదిసార్లూ కలిపితే ఎంతో అంత నవ్వు. కుర్చీ కదిలిపోతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, నవ్వుతూనే ఉన్నాను. బావగారు ఒక్క ఉదుటున లేచారు. అప్పుడు మంగ చేటలోంచి తలెత్తకుండా అంది:

"కూర్చో అన్నయ్యా. ఆయన వైపు చూడకు. చూస్తే ఇంకా ఎక్కువవుద్ది. దానంతటదే ఆగుద్ది."

బావగారు నిలబడిపోయారు. నాకైతే నవ్వులోనే మతి పోయింది. అది ఆగేదాకా తను రాళ్ళు ఏరుతూనే ఉంది. ఆగాక నీళ్ళగ్లాసు నా కుడిచేతి వైపుకి జరిపింది.

నీకెలా తెలుసు అన్నాను.

"మార్చిలో పాలగ్లాసు పగిలినప్పుడే తెలుసు. మీరు ఎవణ్ణైనా ఏడిపిస్తే ముందు కళ్ళు నవ్వుతాయండి, నోరు తరవాత. గ్లాసు పడ్డప్పుడు నోరొక్కటే నవ్వింది. కళ్ళు బెదిరిపోయి ఉన్నాయి. అమ్మ దగ్గరా అంతే."

బావగారు మరి నాకెందుకు చెప్పలేదే అని అడిగారు. పెద్దగానే అడిగారు. నెల రోజులుగా నేను ఈయన్ని ఎన్ని మాటలన్నాను, నువ్వు విని ఊరుకున్నావు కదే అన్నారు.

మంగ ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"చెప్తే, ఈ జబ్బు ఎలా వచ్చింది, ఎప్పుడు చూసేవు, ఎప్పుడు తీసికెళ్ళేవు అంటావు. మాట తిరిగి తిరిగి ఆ పొద్దున్న దగ్గరకొస్తది. ఈయన చెడ్డోడైపోతే పోయేడు, నా మీదకి రాలేదు కదా అని నోరు మూసుక్కూర్చున్నాను. అమ్మ శవం దగ్గర కూడా అదే బుద్ధి పుట్టింది నాకు. ఇంక ఆ ఇంటికి ఏ మొహం పెట్టుకెళ్ళను?"

ఇన్నాళ్ళూ నేను నవ్వినందుకు రాలేదనుకున్నాను.

ఇదే సమయమని నా అబద్ధం మళ్ళీ అందుకున్నాను. ఈసారి నవ్వు రాలేదు. మాట మీద మాట అతుక్కుంటూ వచ్చింది, అద్దం ముందు కూడా అంత బాగా రాలేదు. నాలుగింటికి తిమ్మిరి, నిన్ను లేపలేదు, నువ్వు చూసేటప్పటికే టైము దాటిపోయింది, నీ తప్పు గోరంత లేదు.

మంగ మొత్తం విన్నది.

"నాలుగింటికి నేను మెలకువగానే ఉన్నానండి," అంది. "మీ ఎడం చెయ్యి నా మీదుంది. బరువుగా ఉందని తీసి పక్కన పెట్టేను. మళ్ళీ వచ్చి పడింది. రెండుసార్లు తీస్తే రెండుసార్లూ వచ్చింది. శుభ్రంగా ఉంది ఆ చెయ్యి."

బావగారు గేటుకేసి చూస్తున్నారు. నేను నా చెయ్యికేసి.

అబద్ధం దొరికిపోవడం నాకు కొత్త కాదు. దొరికితే ఇంకొకటి వెయ్యాలి, అదీ పద్ధతి. వెయ్యబోయాను. కానీ తను నా కళ్ళలోకే చూస్తోంది, అక్కడ ముందు ఏం వస్తుందో కనిపెడుతున్నట్టు.

అవును, ఏడున్నరకే అన్నాను. నువ్వు పీతలు కడుగుతున్నప్పుడే వచ్చింది. నేను నిన్ను ఎప్పుడైనా ఒక్క మాట అన్నానా మంగా?

"అనలేదు. అందుకే ఉండలేకపోయేను." చేట పక్కకి పెట్టింది. "మీరు చచ్చినోళ్ళనీ వదల్లేదు, దేవుణ్ణీ వదల్లేదు. మీ వంకరమూతి మీదే ఊరంతా నవ్వేలా వంద జోకులేసేరు. ఆ పొద్దున్న మీద మాత్రం ఒక్కటి వెయ్యలేదు. ఇవాళేస్తారా, రేపేస్తారా అని కాచుక్కూర్చున్నాను. వెయ్యలేదు. అప్పుడు తెలిసింది నాకు, దాన్ని ఎంత లోపల పెట్టుకున్నారో."

ఒక్క మాట అనలేదు అని ఇక్కడే పై పేజీల్లో రెండుసార్లు రాసుకున్నాను. ఘనకార్యం అనుకుని రాసుకున్నాను.

లోపల పెట్టుకున్నాను. నిజమే. చెయ్యి ఎత్తబోయి ఎత్తలేక, తను పులుసుగిన్నె పట్టుకుని నా ముందు నుంచి వెళ్ళిపోతుంటే చూస్తూ, ఒసేయ్ ఒక్కసారి ఇటు చూడవే అని లోపల అరిచాను. ఆ అరుపు నాలో ఇంకా ఉంది. ఇవాళ అది బయటికి చెప్పాను. ఈ మాటలతోనే. మంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావగారు లోపలికి వెళ్ళిపోయారు, తలుపు మాత్రం వెయ్యలేదు.

చెప్పాక తేలిక పడతామంటారు. పడలేదు. ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఏదో ఒకటి అనాలి. నాకు తెలిసింది ఒక్కటే.

"అసలు తప్పు నాదేలే. కాఫీ బాలేదని చెప్పడానికి కాస్త మర్యాదైన పద్ధతి వెతికాను. మూతి పక్కనుంచి వదిలేశాను. నువ్వు గ్రహించలేదు," అన్నాను.

మంగ కొంగు తీసింది.

"ఆ రోజు కాఫీ పెట్టింది మీరండి," అంది.

లోపలినుంచి బావగారు నవ్వింది వినబడింది. నవ్వి, దగ్గుతో కప్పెట్టుకున్నారు.

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. మామూలుగా కూర్చున్నాను. మంగ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది, కానీ రాళ్ళు ఏరడం లేదు. ఇంటికెప్పుడొస్తావని నేను అడగలేదు. శనివారం క్లాసు ఎన్నింటికని తనే అడిగింది. మూడింటికన్నాను. ఆ అమ్మాయి ముందు నేనూ చెప్పుకోవచ్చా అంది. ఫిలోమినా గారు ముందే చెప్పేసుకుంది, నీది రెండో నంబరు అన్నాను.

ఎటో చూస్తూ, "ఇంకా అనండి," అంది.

పీతల గురించి అన్నాను. పులుసులో చింతపండు తగ్గిందన్నాను. ఊరందరికీ దిష్టి తీసే దానివి, ఇంట్లో వంకరమూతి ఆనలేదా అన్నాను. ఏడుస్తూ వింది, మధ్యలో నవ్వుతూ వింది. ఆగినప్పుడల్లా ఇంకా అంది. మధ్యాహ్నం భోజనాలకి బావగారు పిలిచేదాకా అంటూనే ఉన్నాను.